ఇరవై రెండో కుర్చీలో మనిషి

క్లాసు మొదలై పది నిమిషాలయింది. ఒకావిడ మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా చివరి వరసకు నడిచి, గోడవార ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఆవిడ ఆ నవ్వుని పట్టించుకోలేదు. యాభైకి దగ్గర వయసు. ఇస్త్రీ చేసిన నేత చీర, మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న సిలువ. చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు తీసి, ఒళ్ళో పరిచి, అరచేత్తో సాపు చేసింది. అది ఆదివారం జిల్లా పేజీ. అందులో కింది సగం నేను రాసిన వ్యాసం.

“ఇది రాసింది మీరేనాండీ?”

“నేనేనమ్మా.”

“మా తమ్ముడు ఏడండీ?”

మళ్ళీ నవ్వు. మొదటిదానికంటే పెద్ద నవ్వు. ముందు వరసలో కూర్చునే సెల్‌ఫోన్ రిపేర్ షాపతను వెనక్కి తిరిగి, “సూపర్ సార్! ట్వంటీ టూ వాళ్ళక్కని కూడా దింపారా!” అన్నాడు.

నేనూ నవ్వాను. అది ముందే రాసెయ్యడం మంచిది.

“నవ్వకండయ్యా,” అందావిడ. కోపంగా కాదు. తడి నేల మీద నడవకండి అని చెప్పినట్టు చెప్పింది. “నేను బళ్ళో ఆయాని. సెలవు పెట్టుకుని రెండు ఆటోలు మారి వచ్చా. మా తమ్ముడు మీ క్లాసులో ఉన్నాడని పేపర్లో పడింది. చూసిపోదామని.”

నవ్వు ఆగింది. ఒక్కసారిగా ఆగలేదు, అక్కడొకరూ ఇక్కడొకరూ ఆపుకున్నారు. అందరికంటే చివర ఆపిన మనిషి సిగ్గుపడి గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆ తర్వాత కింద ఎరువుల కొట్లో బస్తా దించిన చప్పుడు.

ఆవిడ కూర్చున్న కుర్చీలో రెండేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. అది ట్వంటీ టూది. ట్వంటీ టూ అనే మనిషి లేడు. నేను పుట్టించాను.

నేను పాతికేళ్ళకు పైగా జగ్గయ్యపేటలో విలేకరిగా పనిచేశాను. సున్నపురాయి క్వారీలు, సిమెంటు లారీలు, హైవే మీద ప్రమాదాలు, మిర్చి ధరలు, తిరునాళ్ళు. ఇంగ్లీషు నాకు కాలేజీలో రాలేదు. అంతకుముందు వార్తా సంస్థల నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తల్ని పేపరాఫీసు డెస్కులో కూర్చుని తెలుగులోకి దించగా దించగా వచ్చింది. పేపరు మానేశాక నందిగామలో ఎరువుల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని, సాయంత్రాలు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పడం మొదలుపెట్టాను. గదిలో ఎప్పుడూ పురుగుమందు వాసన. మొదట్లో తలనొప్పి అనేవాళ్ళు, తర్వాత అలవాటు పడేవాళ్ళు.

వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళే. విదేశాలకు వెళ్ళాలనుకునే నర్సులు, సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్లు, లారీ నడుపుతూ గల్ఫుకి ప్రయత్నిస్తున్నవాళ్ళు, ఒక పాస్టరుగారి భార్య. ఒక నెల తిరిగేసరికి నాకు అర్థమైంది, వాళ్ళకి ఇంగ్లీషు రాకపోవడం పెద్ద సమస్య కాదు. నోరు తెరవరు. మా వైపు ఒక మనిషి నలుగురిలో ఇంగ్లీషు ముక్క తప్పు మాట్లాడాడంటే టీ బంకు దగ్గర నెల్లాళ్ళు అదే మాట. కనపడ్డప్పుడల్లా “ఏం దొరా, ఇవాళ లండన్ నుంచి ఎప్పుడు దిగావ్?” అంటారు. ఆ మాటలో పగ ఏమీ ఉండదు. అన్నవాడు మర్చిపోతాడు. పడ్డవాడు మర్చిపోడు.

ఒకరోజు ఒక నర్సమ్మాయి లేచి ఒక వాక్యం చెప్పింది. తప్పే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి తల దించేసుకుంది, చెవులు ఎర్రబడ్డాయి. ఇక రేపటి నుంచి రాదని నాకు తెలుస్తూనే ఉంది. గదిలో ఇరవై రెండు కుర్చీలు, మనుషులు ఇరవై ఒక్కమంది. ఏం తోచక, “ఆ తప్పు ఈ అమ్మాయిది కాదు, ట్వంటీ టూది. అతను చెప్తే ఈ అమ్మాయి పాపం నమ్మింది,” అని ఖాళీ కుర్చీ వైపు చూపించాను. అందరూ ఆ కుర్చీ వైపు తిరిగి నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మర్నాడు వచ్చింది.

అక్కడి నుంచి తప్పులన్నీ ట్వంటీ టూవి. హాజరు పిలిచేటప్పుడు చివర్లో “ట్వంటీ టూ” అంటే అందరూ కలిసి “లేటవుతుంది సార్!” అని ఇంగ్లీషులో అరిచేవాళ్ళు. ఇంకో నెలకి అతని గురించి వాక్యాలు కట్టడం మొదలైంది. ఒక పాత మిఠాయి డబ్బా తెచ్చి మూతకి గాటు పెట్టాను. వారానికొక చీటీ. ట్వంటీ టూ గురించి ఇంగ్లీషులో ఒక్క వాక్యం. దస్తూరీ తెలియకుండా అన్నీ పెద్దక్షరాల్లో రాయాలి, పేరు ఉండకూడదు. ఎవరు రాశారని నేను అడగను, వాళ్ళూ ఒకరినొకరు అడగకూడదు. శనివారం నేను వాటిని నటిస్తూ చదువుతాను, తప్పులు అందరం కలిసి దిద్దుతాం.

ఎవరు చెప్పారో బయటపెట్టకపోవడం విలేకరిగా నాకు ఒంటబట్టిన నియమం. ఒకసారి క్వారీ పేలుడు వార్తకి సమాచారం ఇచ్చినవాడి పేరు చెప్పమని నన్ను స్టేషన్లో మూడు గంటలు కూర్చోబెట్టారు. చెప్పలేదు. ఆ నియమమే క్లాసులోకి తెచ్చాను. చీటీలు చదివాక చించేసి కింద చెత్తబుట్టలో వేసేవాణ్ణి. కొట్టాయన ఖాళీ అట్టపెట్టెలతో కలిపి తగలబెట్టేవాడు. బాగా నవ్వించిన వాక్యాల్ని మాత్రం, తేదీ వేసి, ఒక నోట్‌బుక్కులో ఎక్కించుకునేవాణ్ణి.

వాటితోనే ట్వంటీ టూకి ఒళ్ళూ ప్రాణమూ వచ్చాయి. అతను బస్సులో రెండు టిక్కెట్లు తీసుకుంటాడు, ఒకటి తనకి, ఒకటి సంచికి. ఒకసారి కండక్టరు సంచి గురించి కసురుకున్నాడట, అప్పటి నుంచి భయం. తిరునాళ్ళలో చెప్పులు పోయిన దగ్గర నుంచి వాటిని పేపర్లో చుట్టి తల కింద పెట్టుకుని పడుకుంటాడు. పరిటాల దాటేటప్పుడు బస్సులోంచి ఆంజనేయస్వామి విగ్రహానికి దణ్ణం పెట్టి, వెంటనే పైకి చూసి యేసుప్రభువుకి సారీ చెప్తాడు. ఆ చీటీ చదివిన రోజు పాస్టరుగారి భార్య కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, “ఇది మా అయ్యగారికి చెప్పకండి సార్, వచ్చే ఆదివారం ప్రసంగం దీని మీదే పెడతారు,” అంది.

ఇంకో చీటీ ఉంది. “ట్వంటీ టూ వెయ్యిమందిలో ఉన్నా వాళ్ళక్క నవ్వుని గుర్తుపడతాడు.” ఇంగ్లీషులో తప్పుల్లేని వాక్యం. దిద్దడానికి ఏమీ లేదు కాబట్టి నటించడానికే వాడాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, కోడి కూసినట్టు ఒక నవ్వు నవ్వాను. క్లాసు విరగబడి నవ్వింది. ఇంకోసారి సార్, ఇంకోసారి అన్నారు. చేశాను.

చెవిటివాడికి కూడా తెలిసేలా వాళ్ళ ఇంగ్లీషు మెరుగుపడింది. అది నా గొప్పే అనుకున్నాను. రెండేళ్ళ తర్వాత డెస్కులో పాత స్నేహితుడొకడు ఆదివారం పేజీకి ఏదైనా తేలికైనది రాసివ్వమంటే, నవ్విస్తూ పరాయి భాష నేర్పడం గురించి రాశాను. ట్వంటీ టూ కల్పిత మనిషని మూడో పేరాలోనే చెప్పాను. నోట్‌బుక్కులోంచి ఏరి ఏడెనిమిది వాక్యాలు వేశాను. అక్క నవ్వు వాక్యం ఆఖర్న పెట్టాను. వ్యాసం ఎక్కడ ముగించాలో నాకు తెలుసు, అది నా వృత్తి.

ఆయా వచ్చిన ఆ సాయంత్రం క్లాసు పంపించేసి, ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చాను. పాస్టరుగారి భార్య మాత్రం వెళ్ళలేదు. ఆవిడ తొలి బ్యాచి నుంచీ ప్రతి బ్యాచిలోనూ చేరుతూనే ఉంది. వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, ఆ మనిషి కల్పితం. పేపర్లో రాశాను కదా,” అన్నాను.

“రాశారండీ. మా బడిలో టీచరమ్మలు పైకి చదువుకుని నవ్వుకుంటుంటే విన్నా. కల్పితం అన్న మాట కూడా విన్నా. ఆ పేజీ అడిగి తీసుకుని మా అమ్మాయి చేత మళ్ళీ చదివించుకున్నా.” పేపరు మీద వేలు పెట్టింది. “కల్పితమైతే సంచికి టిక్కెట్టు తీసే సంగతి మీకెలా తెలుసు? పరిటాల సంగతి ఎలా తెలుసు? చదువుకునే రోజుల్లో బెజవాడ వెళ్తుంటే మా అమ్మ ఎన్నిసార్లు మొట్టిందో వాణ్ణి.”

వాళ్ళది పెనుగంచిప్రోలుకి దగ్గర్లో ఒక పల్లె. తమ్ముడు ఆ ఊళ్ళో డిగ్రీ దాకా చదివిన కొద్దిమందిలో ఒకడు. పదకొండేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో క్రైస్తవ సభలు పెట్టారు. బయటి దేశం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. ఇలాంటి సభల్లో బోధకుడు ఇంగ్లీషులో ఒక మాట అంటాడు, పక్కన ఇంకో మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి దాన్ని వెంటనే తెలుగులో చెప్తాడు. రావాల్సిన అనువాదకుడికి జ్వరం తగిలింది. పెద్దలు ఇతన్ని నిలబెట్టారు.

“మొదటి మాటలు బానే చెప్పాడండీ. మా అమ్మ అందరి వైపూ తిరిగి తిరిగి చూస్తంది, మా వాడే అన్నట్టు. తర్వాత ఆయన వేగం పెంచాడు. వీడు ఆగిపోయాడు. మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆగి, మళ్ళీ అదే మాట చెప్పాడు. వీడు మాకేసి చూశాడు. చూసి, స్టేజీ మీదే కింద కూర్చుండిపోయాడండీ, చంటిపిల్లాడిలాగా.”

“నవ్వారా?” అన్నాను. ఇది అడగాల్సిన ప్రశ్న కాదు. విలేకరి నోరు.

“మొదట మా చుట్టాల వైపు నుంచే మొదలైంది.”

ఆవిడ పేపరు మడవడం మొదలుపెట్టింది. రెండు మడతలు పెట్టి ఆగింది.

“నేనూ నవ్వానండీ. కావాలని కాదు. వాడు కూర్చున్న తీరు అట్టా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా. ఎవరూ చూళ్ళేదు. మా అమ్మ పోయేదాకా మా అమ్మకి కూడా చెప్పలా. మర్నాడు పొద్దున బస్సెక్కి వెళ్ళాడు, అంతే. పోలీసులకి చెప్పాం, ఫొటో ఇచ్చాం. చుట్టాలిళ్ళన్నీ తిరిగాం. ఇన్నేళ్ళలో ఒక్క ఫోను లేదు.” పేపరు మడవడం పూర్తిచేసి అంది, “వాడికి వినపళ్ళేదనుకున్నా. అంత గోలలో ఎట్టా వినపడుద్ది?”

నేను ఆ నవ్వుని ఈ గదిలో ఎలా నటించానో పాస్టరుగారి భార్యకి తెలుసు. ఆవిడ నా వైపు చూడలేదు. ఆయా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, “ప్రార్థన చేసుకుందామా అక్కా?” అంది.

“చేస్తూనే ఉన్నానమ్మా పదకొండేళ్ళ నుంచి. ముందు ఈయన్ని చెప్పనియ్యి. ఆ నవ్వు ముక్క ఎవరు చెప్పారండీ మీకు?”

తెలియదని చెప్పాను. ఎందుకు తెలియదో చెప్పడానికి చాలాసేపు పట్టింది. డబ్బా చూపించాను. పెద్దక్షరాల సంగతి చెప్పాను, చించెయ్యడం, తగలబెట్టడం చెప్పాను. సిగ్గుపడేవాళ్ళని కాపాడడానికి ఇదంతా పెట్టానని చెప్పాను. ఆవిడ అంతా విని, “అంటే ఎవరు రాశారో కనిపెట్టకూడదని మీరే గట్టిగా కట్టారన్నమాట,” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అర్థమైందో లేదో సరిచూసుకుంది.

ఫొటో తెచ్చింది. ఇరవై ఏడేళ్ళ మనిషి, సన్నటి మీసం, నీలం తెర ముందు నిలబడి తీయించుకున్నది. ఇప్పుడు ముప్పై ఎనిమిది ఉంటాయి. ఆ ఫొటో వంక నేను ఎంతసేపు చూశానో చెప్పలేను. శవపంచనామాలూ రైలు ప్రమాదాలూ చూసి, ముఖాలు గుర్తుపెట్టుకుని రాసినవాణ్ణి. మూడు నెలల బ్యాచిలో నా ఎదురుగా కూర్చున్నాడేమోనన్న మనిషిని చూశానో లేదో చెప్పలేకపోయాను. క్లాసులో నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. నవ్వుతున్నారా లేదా అన్నదే చూశాను.

రెండు రకాలుగా జరిగి ఉండొచ్చు. అతన్ని ఎక్కడో కలిసిన వాళ్ళెవరో, లారీలోనో గల్ఫులోనో పక్కన పడుకుని అతని మాటలు విన్నవాళ్ళు, నా క్లాసుకి వచ్చి ఆ చీటీలు వేసి ఉండొచ్చు. లేదా అతనే వచ్చి ఉండొచ్చు. ఇంగ్లీషు దగ్గర పడిపోయిన మనిషి, తప్పు చేసినా తన మీద నవ్వు పడని చోటు ఒకటుందని విని, వేరే పేరుతో వచ్చి, తన సంగతులన్నీ ఒక్కొక్కటే లేని మనిషి మీద పెట్టి, అందరితో కలిసి నవ్వి ఉండొచ్చు. అదే నిజమైతే, వాళ్ళక్క నవ్వుని అతని ముందే రెండుసార్లు నటించి చూపించాను.

“ఇంత దగ్గరకొచ్చి ఇంటికి రాకుండా ఉంటాడాండీ?” అని అడిగింది ఆవిడ, మెట్లు దిగేముందు. జవాబు కోసం నిలబడలేదు.

నోట్‌బుక్కులో తేదీలున్నాయి కాబట్టి బ్యాచి తెలిసింది. టిక్కెట్లు, చెప్పులు, పరిటాల, అక్క నవ్వు, నాలుగూ ఒకే వానాకాలం బ్యాచిలో వచ్చాయి. అక్క నవ్వు చీటీ వాటిలో చివరిది. ఆ బ్యాచి రిజిస్టరు తీసి కూర్చున్నాను. చేరేటప్పుడు నేను పేరూ ఫోను నంబరూ అడుగుతాను, గుర్తింపు కార్డులు అడగను. సిగ్గుపడేవాళ్ళు కార్డు అడిగితే రారని నా లెక్క. హాజరు పట్టీలో చివరి నెల గైర్హాజరు చుక్కలు చూశాను. ఆ చీటీ చదివిన వారం తర్వాత మానేసినవాళ్ళు నలుగురు. వానాకాలంలో ఎప్పుడూ అంతమంది మానేస్తారు, నాట్లు ఉంటాయి, జ్వరాలుంటాయి. దీన్ని ఆధారమని పేపర్లో రాస్తే నేనే కొట్టేసేవాణ్ణి.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. చీటీ ఎవరు రాశారని మొదటిసారి అడిగాను, నా నియమం నేనే తప్పి. ఇప్పుడు హైదరాబాదులో పనిచేస్తున్న నర్సు, ట్వంటీ టూ పుట్టిన రోజు తల దించుకుని, ఈ బ్యాచిలో మళ్ళీ చేరిన అమ్మాయే, “పరిటాల చీటీ నేనే రాశానేమో సార్, గుర్తులేదు. మా నాన్న కూడా అట్టానే పెట్టేవాడు దణ్ణం. మన వైపు చాలామంది పెడతారు కదా?” అంది. ఆ మాట ఆయాకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. “చాలామంది పెడితే పెట్టనియ్యండి. నవ్వు సంగతి ఎంతమందికి తెలుసు?” అంది. ఫిట్టరొకాయన టిక్కెట్ల చీటీ తనదే అన్నాడు, తర్వాత కాదన్నాడు. అక్క నవ్వు చీటీ తనదని ఒక్కరూ అనలేదు. అందరికీ ఆ నవ్వు మాత్రం గుర్తుంది. “మీరు చేశారు చూడండి సార్ ఆ నవ్వు,” అని ఫోనులోనే మళ్ళీ నవ్వారు.

పేపర్లో ఫొటో వేయిద్దామా అని ఆవిడని అడిగాను. పాత స్నేహితుడు వేస్తానన్నాడు కూడా. “వద్దండీ. పేపర్లో పడితే అందరూ చూస్తారు. ఆ కూర్చుండిపోయిన వాడే కదా అంటారు. వాడు కూడా చూస్తాడు,” అంది.

డబ్బా తీసేశాను. ఇప్పుడు చేరిన బ్యాచికి ట్వంటీ టూ సంగతి తెలియదు. ఆయా కూర్చున్న కుర్చీలో ఒక కొత్తాయన కూర్చుంటున్నాడు. తప్పు చేసినప్పుడు ఎవరిమీదికి నెట్టాలో నాకు తోచడంలేదు, అందుకని వీళ్ళు తక్కువ మాట్లాడుతున్నారు. ఎవరైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే నేను బోర్డు వైపు తిరుగుతున్నాను. పాస్టరుగారి భార్య ఈసారి చేరలేదు. నెలకొకసారి ఆయా దగ్గరకి వెళ్ళి వస్తోందని విన్నాను.

ఆ వానాకాలం బ్యాచిలో ఇరవై ఒక్కమంది. పద్దెనిమిది మందితో మాట్లాడాను. మిగిలిన ముగ్గురూ మగవాళ్ళు. ఒకరి నంబరు ఇప్పుడు కోదాడలో ఎవరో ముసలావిడ దగ్గర ఉంది. ఒకరి నంబరులో ఒక అంకె తక్కువుంది, ఆ తప్పు నా చేతిరాతలోదే. మూడో ఆయన నంబరు ఇవ్వలేదు, తర్వాత ఇస్తానన్నట్టు ఆ గడిలో పెన్సిలుతో గీత పెట్టి ఉంది. ఈ ముగ్గురూ ఎక్కడున్నారో ఇంకా తెలియలేదు.